చేసుకున్నవాడికి చేసుకున్నంతేనా?

అమెరికా బేస్‌బాల్ లోకంలో మార్క్ ఫిడ్రిచ్ పేరెత్తితే చాలు, ఒకే కథ ఒకే వరసలో వినిపిస్తుంది. 1976లో డెట్రాయిట్ టైగర్స్ జట్టుకి ఇరవయ్యొక్కేళ్ల కొత్త కుర్రాడొకడు దొరికాడు. బంతితో మాట్లాడేవాడు. మోకాళ్ల మీద కూలబడి, పిచ్చర్ నిలబడే మట్టిదిబ్బను, అంటే మౌండ్‌ని, చేతులతో సాపు చేసేవాడు. మంచి క్యాచ్ పట్టిన తోటివాడి దగ్గరికి పరుగెత్తుకెళ్లి చెయ్యి కలిపేవాడు. పొడుగు కాళ్లూ ఉంగరాల జుట్టూ చూస్తే పిల్లల టీవీ కార్యక్రమం ‘సెసమీ స్ట్రీట్’లోని బిగ్ బర్డ్ గుర్తొచ్చేది కనుక ‘ది బర్డ్’ అన్నారు. ఆ వేసవి దేశం దేశమే అతని వెంటపడింది. మరుసటి మార్చిలో, ఫ్లోరిడాలోని లేక్‌లాండ్ శిక్షణ శిబిరంలో, కుదురుగా ఉండలేక అవుట్‌ఫీల్డ్‌లో బంతుల కోసం గెంతుతూ ఎడమ మోకాలు పాడుచేసుకున్నాడు. కాస్త తగ్గమని సీనియర్ రస్టీ స్టాబ్ హెచ్చరించినా చెవిన పెట్టలేదంటారు. మోకాలు నొప్పితో విసిరే తీరు మారింది. తీరు మారి చెయ్యి పోయింది. చెయ్యి పోయి ఆట పోయింది. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

ఈ కథ చెప్పేవాళ్లెవరూ ఫిడ్రిచ్‌కి శత్రువులు కారు. ఎక్కువమంది అతన్ని ప్రేమించినవాళ్లే. వాళ్ల వాదనలో నిజాలూ ఉన్నాయి. మోకాలి మృదులాస్థి చిరిగిన మాట నిజం. ఆ చిరుగు గెంతులాటలో వచ్చిన మాట నిజం. ఆ తరం పిచ్చర్లు తరచుగా ఆట మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా విసిరేవాళ్లన్నదీ నిజం. భుజం లోపల ఏముందో చూపించే ఎమ్మారై స్కాన్లు అప్పటి ఆస్పత్రుల్లో లేవన్నదీ నిజం. అతని స్ట్రైకౌట్లు (బ్యాటర్‌ని బంతి కొట్టనివ్వకుండా అవుట్ చేయడం) తక్కువ, అలాంటి పిచ్చర్ ఎలాగూ పదేళ్లు నిలవడు అన్నవాళ్లున్నారు. అన్నిటికన్నా బలమైన మాట, బతికినన్నాళ్లూ ఫిడ్రిచ్ ఎవరినీ నిందించలేదు, అతనికే లేని బాధ మీకెందుకు అన్నది.

ఇన్ని నిజాలను కలిపి కుట్టి చెబుతున్న తీర్పు మాత్రం అబద్ధం. ఒక కుర్రాడి భుజం మీద పెద్దలు తీసుకున్న నిర్ణయాలను ఆ కుర్రాడి కోతిచేష్టల ఖాతాలో రాసిన తీర్పు అది.

వాదనలోకి వెళ్లేముందు, క్రికెట్ మాత్రమే తెలిసిన పాఠకుల కోసం రెండు ముక్కలు. పిచ్చర్ అంటే బౌలరే. కాని ఓవరు వేసి బౌండరీ దగ్గర నిలబడి ఊపిరి పీల్చుకునే వీలు అతనికి లేదు. జట్టు ఫీల్డింగ్‌లో ఉన్నంతసేపూ ప్రతి బంతీ అతనిదే. ఆటకి తొమ్మిది ఇన్నింగ్స్, సమంగా నిలిస్తే అదనంగా ఇంకొన్ని. మొదలుపెట్టినవాడే చివరిదాకా విసిరితే దాన్ని కంప్లీట్ గేమ్ అంటారు. ఇప్పుడు ఐదారు ఇన్నింగ్స్ కాగానే, వంద బంతులు దాటుతున్నాయనగానే పిచ్చర్‌ని మారుస్తున్నారు. అప్పట్లో కంప్లీట్ గేమ్ మగతనానికి గుర్తు.

1. మోకాలు చేసిన నేరం

ముందు తేదీలు చూద్దాం. ఆపరేషన్ అయింది 1977 మార్చి చివర్లో. మే 27న ఫిడ్రిచ్ మళ్లీ మౌండ్ మీదున్నాడు. మధ్యలో రెండు నెలలు. ఆ ఏడాది అతను 11 ఆటలు మొదలుపెట్టాడు, 7 ఆటలు చివరిదాకా విసిరాడు. 81 ఇన్నింగ్స్, 6 గెలుపులు, 4 ఓటములు, తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చుకున్న పరుగులు 2.89. మోకాలు ఆటను చంపేసిందనే వాళ్లు ఈ అంకెలకు జవాబు చెప్పాలి. మోకాలి ఆపరేషన్ అయిన రెండు నెలలకి ఆ స్థాయిలో ఆడగలిగినవాణ్ణి ఆపింది మోకాలు కాదు. జులై మొదట్లో బాల్టిమోర్ మీద విసురుతుండగా చెయ్యి చచ్చుబడినట్టయింది. ఆగింది అక్కడ.

‘మోకాలు వల్లే విసిరే తీరు మారింది కదా’ అంటారు. అవుననే అనుకుందాం. అప్పుడు ఆ వాదన ఎవరి మెడకు చుట్టుకుంటుందో చూడండి. కాలు కుదరని పిచ్చర్ చెయ్యి పోగొట్టుకుంటాడన్న సంగతి 1977లో కొత్తగా కనిపెట్టింది కాదు. అంతకు సరిగ్గా నలభై ఏళ్ల ముందు, 1937 ఆల్‌స్టార్ ఆటలో (రెండు లీగ్‌ల మేటి ఆటగాళ్లు తలపడేది) ఎర్ల్ ఎవరిల్ కొట్టిన బంతి తగిలి డిజ్జీ డీన్ కాలి బొటనవేలు విరిగింది. 1934లో 30 ఆటలు గెలిచిన ఘనుడు డీన్. వేలు పూర్తిగా మానకముందే దిగాడు, కాలి మీద బరువు పడకుండా విసిరే తీరు మార్చుకున్నాడు, చెయ్యి పోయింది. బేస్‌బాల్‌లో ఈ ముచ్చట తెలియని మేనేజర్ ఉండడు. ఫిడ్రిచ్‌ని దింపిన రాల్ఫ్ హౌక్ నిన్నగాక మొన్న వచ్చినవాడూ కాదు, 1961, 1962ల్లో యాంకీస్ జట్టుకి వరల్డ్ సిరీస్ గెలిపించినవాడు. మోకాలి నుంచి భుజానికి దారి ఉందని తెలిసిన పెద్దమనిషి, ఆ దారికి అడ్డం నిలబడకపోతే తప్పు దారిదా?

దిగుతానని ఫిడ్రిచే తొందరపడి ఉంటాడు. ఇరవై రెండేళ్లవాడు తొందరపడకపోతే ఎవరు పడతారు? వద్దనడానికే కదా పైన మేనేజర్, ఆ పైన జనరల్ మేనేజర్, పక్కన డాక్టర్లు. ఒకవేళ దింపక తప్పదనుకున్నా, ఐదు ఇన్నింగ్స్ విసిరించి కూర్చోబెట్టడానికి ఏం అడ్డొచ్చింది? పదకొండింట్లో ఏడు ఆటలు ఆసాంతం విసిరించిన నిర్ణయం లేక్‌లాండ్ గెంతులో పుట్టింది కాదు.

కంటికి కనిపించే ప్రమాదం మీదే జనానికి ఎందుకో మోజు. హెర్బ్ స్కోర్ సంగతి ఇలాంటిదే. 1955లో రూకీగా, అంటే తొలి ఏడాదే, 245 స్ట్రైకౌట్లు చేసిన క్లీవ్‌లాండ్ పిచ్చర్. 1957 మే 7న గిల్ మెక్‌డూగల్డ్ కొట్టిన బంతి నేరుగా కంటికి తగిలింది. అతని ఆట ఆ దెబ్బతోనే ముగిసిందని ఇప్పటికీ రాస్తారు. కంటి దెబ్బ నుంచి తేరుకున్నానని, 1958లో మోచేతి స్నాయువు చిరగడమే తన ఆటను చెడగొట్టిందని స్కోరే చెబుతూ వచ్చాడు. వినలేదు. లోపల నిశ్శబ్దంగా చిరిగే స్నాయువుకి కథలో పాత్ర దొరకదు. పాత్ర దొరకనిదానికి బాధ్యుడూ దొరకడు. మోకాలి కథ ఇంత చలామణీ కావడంలో ఉన్న సౌకర్యం అదే.

2. అందరూ విసిరారు, అందరూ బతికారు

ఇది రెండో వాదన. పాతకాలం చేతులు ఇనపచేతులు, ఇప్పటివాళ్లవి గాజు చేతులు అనే పాట దీనికి తోడు. సాక్ష్యంగా మికీ లోలిచ్‌ని తెస్తారు. అదే డెట్రాయిట్ జట్టు, 1971లో 376 ఇన్నింగ్స్ విసిరాడు, ఏమీ కాలేదు. ఫిడ్రిచ్ 1976లో విసిరింది 250 మాత్రమే కదా?

ఆ ‘మాత్రమే’ని కాస్త విప్పి చూద్దాం. లోలిచ్ 376 ఇన్నింగ్స్ 45 ఆటల్లో విసిరాడు. ఆటకి ఎనిమిదింపావు కన్నా కాస్త ఎక్కువ. ఫిడ్రిచ్‌కి మొదలుపెట్టే అవకాశం వచ్చిందే మే 15న. క్లీవ్‌లాండ్‌కి రెండే రెండు హిట్లు ఇచ్చి గెలిచాడు. అక్కణ్నుంచి అక్టోబరు మొదటి వారం దాకా 29 ఆటలు, అంటే ఇరవై వారాల్లో. ఆటకి సగటున ఎనిమిదిన్నర ఇన్నింగ్స్ పైనే. ఒక్కో ఆటలో మోసిన బరువు చూస్తే లోలిచ్ కన్నా ఫిడ్రిచ్‌దే ఎక్కువ. 29లో 24 కంప్లీట్ గేములు. మే 31న పదకొండు ఇన్నింగ్స్ విసిరాడు. ఐదు రోజులకి, జూన్ 5న, మళ్లీ పదకొండు. జులై 13న ఫిలడెల్ఫియాలో ఆల్‌స్టార్ ఆట మొదలుపెట్టాడు. మూడు రోజులకి ఓక్లాండ్ మీద ఇంకో పదకొండు ఇన్నింగ్స్. లోలిచ్‌కి ఆ ఏడాది ముప్ఫై ఏళ్లు, ఎనిమిదేళ్లుగా పెద్ద లీగుల్లో ఆరితేరిన చెయ్యి. ఫిడ్రిచ్‌కి ఇరవయ్యొకటి. 1974 డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్ల ఎంపికలో, పదో రౌండులో తీసుకున్న కుర్రాడు, రెండేళ్ల కింద ఎవరికీ తెలియనివాడు.

ఇంతా చేసి ఆ జట్టు దేనికోసం పోరాడుతోంది? ఏ కిరీటం కోసమూ కాదు. 1975లో 102 ఆటలు ఓడిన జట్టు అది. 1976లో 74 గెలిచి 87 ఓడి ఆరు జట్ల విభాగంలో అయిదోదిగా మిగిలింది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఫిడ్రిచ్‌ని కూర్చోబెట్టి ఒకటి రెండు ఆటలు ఓడినా చరిత్రలో ఏమీ మారేది కాదు. టికెట్ల దగ్గర మారేదేమో. సొంత మైదానంలో అతను విసిరిన 18 ఆటలకి సుమారు 6 లక్షల మంది వచ్చారు, ఆ ఏడాది టైగర్స్ ఆటలకి వచ్చిన మొత్తం జనంలో ఐదింట రెండు వంతులు. మిగతా అరవై పైచిలుకు ఆటలకి కలిపి వచ్చింది మిగతా మూడు వంతులు. ఈ జనాన్ని తెచ్చినవాడి జీతం 16,500 డాలర్లు. సీజన్ అయ్యాక పాతిక వేల బోనస్, మూడేళ్ల ఒప్పందం ఇచ్చారనుకోండి. ఇచ్చింది ఎంత అన్నది నా వాదన కాదు. జనం అతని కోసం వస్తున్నారని తెలిసిన యాజమాన్యం, ఆ చెయ్యి వచ్చే ఏడాదికి కూడా ఉండాలని ఎందుకు అనుకోలేదన్నది ప్రశ్న.

ఇక అందరూ బతికారన్న మాట సంగతి. ఆ 1976 ఆల్‌స్టార్ ఆటలో అమెరికన్ లీగ్ తరఫున బంతి పట్టింది ఫిడ్రిచ్ అయితే, నేషనల్ లీగ్ తరఫున పట్టింది శాన్‌డియాగో పిచ్చర్ రాండీ జోన్స్. ఆ ఏడాది జోన్స్ 315 ఇన్నింగ్స్, 25 కంప్లీట్ గేములు విసిరి, 22 ఆటలు గెలిచి, ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు తీసుకున్నాడు. సీజన్ చివర్లో చేతి నరం దెబ్బతింది. ఆ తర్వాత ఆడిన ఆరేళ్లలో ఒక్క ఏడాదీ ఓటముల కన్నా గెలుపులు ఎక్కువ చూడలేదు. అంటే దేశంలోకెల్లా ఉత్తములని ఎంచి ఒకే మైదానంలో ఎదురెదురుగా నిలబెట్టిన ఇద్దరూ ఏడాది తిరక్కుండానే దెబ్బతిన్నారు. జోన్స్ ఏ అవుట్‌ఫీల్డ్‌లో గెంతాడో ఎవరైనా చెప్పాలి.

వేన్ గార్లండ్ ఉన్నాడు. 1976లో బాల్టిమోర్‌కి 20 ఆటలు గెలిచి, క్లీవ్‌లాండ్‌తో పదేళ్ల ఒప్పందం చేసుకున్నాడు. 1977 శిక్షణ శిబిరంలోనే భుజం నొప్పి మొదలైంది. ఆ నొప్పితోనే ఆ ఏడాది 282 ఇన్నింగ్స్ విసిరాడు. 1978లో భుజానికి ఆపరేషన్. ఒప్పందం సగం కూడా గడవకముందే అతని చెయ్యి అయిపోయింది.

యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లను మాత్రం వరసలో నిలబెట్టి లెక్కపెట్టి, యుద్ధంలో ఎవరూ చావలేదన్నట్టుంది ఈ ఇనపచేతుల వాదన. లోలిచ్‌ని అందరూ గుర్తుపెట్టుకున్నారు, ఇరవై అయిదేళ్లకే ఇంటికి పోయినవాళ్లని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. ఫిడ్రిచ్ మరుపున పడకపోవడానికి కారణం బంతితో మాట్లాడటమే. అదే లేకపోతే అతనూ ఒక అంకె.

250 ఇన్నింగ్స్ వల్లే భుజం చిరిగిందని నేను నిరూపించలేను, ఎవరూ నిరూపించలేరు. కాని గెంతు వల్ల చిరిగిందని నిరూపించలేనివాళ్లు దశాబ్దాలుగా అదే నిజమన్నట్టు చెబుతున్నారు. రెండు అనుమానాల్లో ఏది దగ్గరిదో చూడాలంటే, మోకాలికి ఏ దెబ్బా తగలని జోన్స్, గార్లండ్‌ల చేతులే చూడండి.

3. అప్పటి వైద్యానికి అందలేదట

ఈ వాదన విన్నప్పుడు నాకు నిజంగా కోపం వస్తుంది. మిగతావి అజ్ఞానం అనుకోవచ్చు. ఇది తేదీలు చూసుకోకపోవడం.

సంగతేమిటంటే, 1977 జులైలో చచ్చుబడిన చెయ్యికి అసలు జబ్బు పేరు 1985లో గాని తెలియలేదు. అప్పటికి ఫిడ్రిచ్ ఆట మానేసి రెండేళ్లు. డాక్టర్ జేమ్స్ ఆండ్రూస్ చూసి రొటేటర్ కఫ్ చిరిగిందన్నాడు. భుజం కీలును గూట్లో పట్టి ఉంచే నాలుగు కండరాల స్నాయువుల కట్టు అది. ఈ ఎనిమిదేళ్లలో అతను చూపించుకోని డాక్టర్ లేడు. ‘పాపం, అప్పట్లో ఎవరికి తెలుసు’ అంటారు.

తెలుసు. బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్ 1909లోనే చిరిగిన రొటేటర్ కఫ్‌ని కుట్టాడు, 1934లో భుజం మీద ఒక గ్రంథమే వేశాడు. ఫిడ్రిచ్ పుట్టి పెరిగిన మసాచుసెట్స్ రాష్ట్రంలో, అతను పుట్టడానికి ఇరవై ఏళ్ల ముందే. పాత పుస్తకాలు ఆటగాళ్ల డాక్టర్లు చదవరంటారా, సరే, 1974కి రండి. ఆ సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్‌లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్, టామీ జాన్ అనే పిచ్చర్ మోచేతిలో తెగిన లిగమెంటుని మార్చి కట్టాడు. జాన్ తిరిగి మౌండెక్కింది 1976లో, ఫిడ్రిచ్ వెలిగిన ఆ ఏడాదే. పిచ్చర్ చేతి లోపల ఏదో తెగుతుందని, దాన్ని వెతకాలని దేశమంతా పేపర్లలో చదివిన సంవత్సరం అది.

అదీ మోచెయ్యి కదా, భుజం సంగతి వేరంటారా? స్టీవ్ బజ్బీ పేరు విన్నారా? కాన్సాస్ సిటీ రాయల్స్ పిచ్చర్. 1973లో ఒకటి, 1974లో ఒకటి నో-హిట్టర్లు విసిరాడు, అంటే ఎదుటి జట్టుకి ఆట మొత్తంలో ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. 1976లో అతని భుజం నొప్పి రొటేటర్ కఫ్ చిరుగేనని తేలింది. ఆ వేసవే అదే ఫ్రాంక్ జోబ్ ఆపరేషన్ చేశాడు. ఫిడ్రిచ్ ఆడిన అదే అమెరికన్ లీగ్, ఫిడ్రిచ్ పేరు మోగిన అదే వేసవి. అంటే ఫిడ్రిచ్ చెయ్యి చచ్చుబడటానికి ఏడాది ముందే అదే లీగ్‌లో అదే జబ్బుకి పేరు పెట్టారు, కోసి చూశారు. 1978లో గార్లండ్‌కి కూడా అదే రొటేటర్ కఫ్ అని తేలింది. క్లీవ్‌లాండ్ డెట్రాయిట్‌కి కారులో మూడు గంటల దూరం. వైద్యం అంతటి దూరంలో ఉంది.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. పేరు తెలిసినంత మాత్రాన చెయ్యి బాగయ్యేదని చెప్పలేం. బజ్బీ 1978లో తిరిగొచ్చాడు గాని పాత బజ్బీ తిరిగి రాలేదు. ఫిడ్రిచ్ గతీ అదే అయ్యేదేమో. పేరు తెలిస్తే మాత్రం ఒకటి జరిగేది: ఆ చేత్తో విసరడం ఆపించేవాళ్లు. జరిగిందేమిటి? 1978లో మూడు ఆటలు. 1979లో నాలుగు, ఒక్కటీ గెలవలేదు. 1980లో తొమ్మిది. 1981 అంతా ఇవాన్స్‌విల్‌లో చిన్న లీగ్. అక్కడ టైగర్స్ వదిలేస్తే, 1982, 83ల్లో బోస్టన్ వాళ్ల చిన్న జట్టు పాటకెట్‌లో. పేరు తెలియని నొప్పితో ఆరేళ్లు విసిరాడు. చివరికి 1983లో, ఇరవై ఎనిమిదేళ్లకి, ఆపేశాడు. మొత్తం పెద్ద లీగ్ లెక్క 58 ఆటలు, 29 గెలుపులు, 19 ఓటములు. అందులో 19 గెలుపులు మొదటి ఏడాదివే.

ఇక్కడ తెలివైన పాఠకుడొక అభ్యంతరం లేవనెత్తవచ్చు. 1985లో కనిపించిన చిరుగు 1977లోనే పడిందని ఏమిటి నమ్మకం, తర్వాతి ఆరేళ్లలో పడి ఉండొచ్చుగా? ఉండొచ్చు. అయితే ఏమైంది? 1977లోనే పడిందా, అది కనిపెట్టకుండా విసిరించారు. తర్వాత పడిందా, నొప్పితో ఉన్న భుజాన్ని విసిరించి విసిరించి చించారు. ఎటు తిప్పినా మోకాలు నిర్దోషి.

4. ఎలాగూ నిలిచేవాడు కాదట

దీనికి ఎక్కువ చోటు అక్కర్లేదు. 250 ఇన్నింగ్స్‌లో 97 స్ట్రైకౌట్లే చేశాడు, బ్యాటర్లను కొట్టనిచ్చి ఫీల్డర్ల మీద ఆధారపడ్డాడు, అలాంటివాళ్లు త్వరగా కనుమరుగవుతారు అని అంకెల పండితులు అంటారు. మొత్తం మీద చూస్తే ఆ సూత్రంలో సత్తా ఉంది. కాని ఫిడ్రిచ్ సగటు 2.34, ఆ లీగ్‌లో అతి తక్కువ. రూకీ ఆఫ్ ది ఇయర్ అయ్యాడు, సై యంగ్ ఓట్లలో జిమ్ పామర్ తర్వాత రెండోవాడు. ఇందాక చెప్పిన టామీ జాన్ కూడా కింద పడే బంతులతో, పెద్దగా స్ట్రైకౌట్లు లేకుండానే 1989 దాకా ఆడి 288 ఆటలు గెలిచాడు. అతని చేతిని ఒకరు బాగుచేశారు మరి. పోనీ ఫిడ్రిచ్ మూడేళ్లకో ఐదేళ్లకో మసకబారేవాడే అనుకుందాం. ఎలాగూ ముసలివాడయ్యేవాడే కదా అని కుర్రాణ్ణి కుంటివాణ్ణి చేసినవాళ్లను వదిలేస్తామా?

5. అతనే ఏమీ అనలేదు కదా

ఆఖరి కోట ఇది, దీంట్లో దూరినవాళ్లను బయటికి లాగడం కష్టం. ఎందుకంటే ఫిడ్రిచ్ నిజంగానే ఏమీ అనలేదు. సొంత ఊరు నార్త్‌బరోకి పోయి పొలం కొనుక్కున్నాడు, పెద్ద ట్రక్కుతో మట్టి, కంకర తోలుకున్నాడు, పెళ్లి చేసుకున్నాడు, ఒక కూతురు. పాత ఆట గురించి అడిగితే సంతోషంగా చెప్పేవాడు. 2009 ఏప్రిల్ 13న ఆ ట్రక్కు కిందనే పనిచేసుకుంటుండగా ప్రమాదంలో పోయాడు, యాభై నాలుగేళ్లకి. చేదు మిగుల్చుకోకుండా బతకడం అతని గొప్పతనం. ఆ గొప్పతనాన్ని యాజమాన్యం నిర్దోషిత్వానికి రుజువుగా చూపించడం మన చిన్నతనం. దెబ్బ తిన్నవాడు క్షమిస్తే దెబ్బ పడలేదని అర్థమా?

పైగా ఈ వాదన ఫిడ్రిచ్‌తో ఆగదు. వినయంగా ఉన్నవాడి గాయం ఎవరి బాధ్యతా కాదు, గొడవ చేసినవాడేమో పిరికివాడు, డబ్బు మనిషి. ఆటగాడు ఎటు పోయినా తప్పు అతనిదే. ఇప్పటికీ ఇదే మాట వేరే బట్టలేసుకుని తిరుగుతోంది. మోచేతి ఆపరేషన్ అయిన పిచ్చర్లు ఇప్పుడు ప్రతి జట్టులోనూ ఉన్నారు. 2024 డిసెంబరులో మేజర్ లీగ్ బేస్‌బాల్ వాళ్లే ఈ గాయాల మీద ఒక నివేదిక వేసి, అతివేగం కోసం, ప్రతి బంతికీ పూర్తి బలం కోసం పాకులాటే ముఖ్య కారణమని తేల్చారు. చదివిన జనం ఏమన్నారు? కుర్రాళ్లకి వేగం పిచ్చి పట్టింది అన్నారు. వేగం చూసి ఎంపిక చేసేదెవరు, వేగానికి డాలర్లు కట్టేదెవరు, పదిహేనేళ్ల పిల్లల వైపు రాడార్ గన్ పెట్టేదెవరు అని అడిగినవాళ్లు తక్కువ. అప్పుడు గెంతు, ఇప్పుడు వేగం. నేరం మారింది, నేరస్థుడు మారలేదు, ఎప్పుడూ బంతి విసిరేవాడే.

హౌక్ రాక్షసుడని నేను అనడం లేదు. కాలం అలాంటిది, అందరిలాగే చేశాడు. అందరూ చేశారు కనుక తప్పు తప్పు కాకుండా పోదు, తప్పు చేసినవాళ్ల జాబితా పొడుగవుతుంది, అంతే. ఆ జాబితాలో హౌక్ ఉన్నాడు. జట్టు జనరల్ మేనేజర్ జిమ్ క్యాంప్‌బెల్ ఉన్నాడు. ఎనిమిదేళ్ల పాటు ఆ భుజంలో చిరుగుని కనిపెట్టలేని డాక్టర్లున్నారు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో కూడా ‘బర్డ్, బర్డ్’ అని అరుస్తూ అతన్ని మారిస్తే ఊరుకోమన్నట్టున్న ప్రేక్షకులకీ అందులో ఒక మూల చోటుంది. లేక్‌లాండ్‌లో బంతి కోసం ఎగిరిన ఇరవై రెండేళ్ల కుర్రాడి పేరు మాత్రం అందులోంచి కొట్టేయాలి.

ఇకమీదట ఫిడ్రిచ్ కథ చెప్పదలుచుకున్నవాళ్లకి ఒక్క మనవి. 1976 మే 31, జూన్ 5, జులై 16 తేదీలు కూడా చెప్పండి. 1977 మే 27 చెప్పండి. 1976 వేసవిలోనే భుజం కోయించుకున్న స్టీవ్ బజ్బీ పేరు చెప్పండి. ఇవన్నీ చెప్పాక కూడా తప్పు మోకాలిదేననిపిస్తే, అప్పుడు అనండి.